షుగరు మాత్ర మతిమరుపుని ఆపుతుందంట, నిజమేనా? మా నాయనకి మందు మార్పించమంటారా?

కోర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్తే. రొంత పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మాది తిరుపతి. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాడు, ఇప్పుడు 68. షుగరు వచ్చి 14 ఏండ్లు. మొదటి నుంచీ మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నాడు, ఐదారేండ్ల కింద దానికి గ్లిమిపిరైడ్ కలిపినారు, ఇప్పుడు రెండూ కలిసిన మాత్ర పొద్దున ఒకటి రాత్రి ఒకటి. మొన్న చేయించిన మూడు నెలల షుగరు 6.4 వచ్చింది, సూపర్ అన్నారు.

ఇంగ అసలు సంగతి. ఒక ఆరేడు నెలలుగా మతిమరుపు ఎక్కువైంది. తిరుపతి నుంచి మదనపల్లి దాకా ఏ స్టేజీకి ఎంత టికెట్టో 1992 రేటు వేరే, 2001 రేటు వేరే గడగడా చెప్తాడు, అందులో ఏం తేడా లేదు. పొద్దున మాత్ర వేసుకున్నావా నాయనా అంటే మాత్రం స్ట్రిప్పు తీసి ఖాళీలు లెక్కపెడతాడు. అడిగిందే అడగడం, పొయ్యి మీద పాలు పెట్టి బయటికి పోవడం, ఇట్లాంటివి. పోయిన వారం బండి గాంధీ రోడ్డులో పెట్టి కూరగాయలు తీసుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చేసినాడు, బండేది అంటే ఎవరో ఎత్తుకపోయినారు అన్నాడు, నేను పోయి చూస్తే పెట్టిన చోటనే ఉంది. మా అమ్మ ఆ రోజు నుంచి ఆయన్ని ఒక్కణ్ణి బయటికి పంపడం లేదు, దానికి ఆయనకి కోపం, ఇంట్లో రోజూ రచ్చ.

మా బావ బెంగుళూరులో ఉంటాడు, వాట్సాప్‌లో ఒకటి పంపినాడు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని షుగరు మాత్రలు ఉన్నాయంట, అవి వాడేవాళ్ళకి మతిమరుపు జబ్బు 35 శాతం తక్కువ వచ్చిందంట. ఆఫీసులో ఇంకొకాయన అది కాదు సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వెయ్యించు, బరువు తగ్గేదానికి సినిమావాళ్ళు వేసుకునేది, అది మెదడుకి కూడా పని చేస్తాది అన్నాడు. మా పక్కింటి సారేమో మీరు ఇచ్చే మెట్‌ఫార్మినే మెదడుకి మంచిది ఇంకేం కావాలి అంటాడు. ముగ్గురూ మూడు చెప్తే నేనేం చెయ్యాలి. డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని మూడు గంటలు కూచుంటే లోపల మూడు నిమిషాలు, అందులో ఇవన్నీ అడిగేదానికి మొహమాటం. తెలిసినోళ్ళు చెప్పండి, మందు మార్చమని అడగొచ్చా?

మందులషాపు మామ:

అబ్బయ్యా, నాది చంద్రగిరి, 27 ఏండ్లుగా మెడికల్ షాపు. నేను డాక్టర్ని కాదు, ఏ మాత్ర వేసుకోవాలో చెప్పను, కౌంటర్లో కూచుని చూసింది చెప్తా.

ముందు రేట్ల సంగతి. డాపా మీద పేటెంటు 2020లోనే అయిపోయింది, ఎంపా మీద 2025 మార్చిలో. అంతకు ముందు ఎంపా ఒక్కో మాత్ర 60 రూపాయల దగ్గర అమ్మినాను, ఇప్పుడు 10 రూపాయల లోపల కూడా కంపెనీలు ఉన్నాయి. అందుకే ఇప్పుడు ఎవరి చీటీ చూసినా ఈ రెండే. గుండెకి, కిడ్నీకి మంచిదని రాస్తా ఉన్నారు, అది నిజమే, మెదడుకని రాసిన చీటీ మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

కానీ నువ్వు రాసిన దాంట్లో నేను ఆగిపోయింది వేరే చోట. స్ట్రిప్పు తీసి ఖాళీలు లెక్కపెడతాడు అన్నావే, అక్కడ. అంటే వేసుకున్నాడో లేదో ఆయనకి తెలీదు. తెలీనప్పుడు మనిషి ఏం చేస్తాడు, ఎందుకైనా మంచిదని ఇంకొకటి వేసుకుంటాడు. ఉత్త మెట్‌ఫార్మిన్ అయితే కడుపు చెడతాది అంతే. గ్లిమిపిరైడ్ అట్ల కాదు, తిన్నా తినకపోయినా అది షుగర్ని కిందికి లాగతానే ఉంటాది. షుగరు పడిపోతే చెమటలు, చెయ్యి వణకడం, చీకాకు, మాట తడబడడం, ఎక్కడున్నానో తెలీకపోవడం. బండి ఎక్కడ పెట్టినాడో తెలీలేదు అన్నావు, అది ఎన్ని గంటలప్పుడు? ఆ పొద్దు ఏం తిన్నాడు?

68 ఏండ్ల మనిషికి గ్లిమిపిరైడ్ మీద 6.4 అంటే నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ. సగటు అది. సగటులో పడిపోయినవి కనపడవు.

ఇంట్లో గ్లూకోమీటరు ఉందా? లేకుంటే ఈ రోజే కొను. మళ్ళీ అట్ల తికమకగా ఉన్నప్పుడు ముందు వేలు గుచ్చి చూడు. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాపు, పావుగంటకి మళ్ళీ చూడు. మింగలేని పరిస్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి కొట్టు. ఇంగొకటి, వారం రోజుల మాత్రల డబ్బా అని ప్లాస్టిక్‌ది అమ్ముతారు, ఆది సోమ అని గళ్ళు ఉంటాయి, పెద్ద ఖర్చేం కాదు, అది తెచ్చి మీ అమ్మ చేత నింపించు. స్ట్రిప్పులు ఆయన చేతికి అందనీ వద్దు.

పీలేరు పాప:

మామ చెప్పింది కరెక్టు. నేను ఇంకొకటి కలుపుతా అన్నా. మా అమ్మకి 61, పదకొండేండ్లు మెట్‌ఫార్మిన్. రెండేండ్ల కింద అచ్చం మీ నాయన మాదిరే. పేర్లు మర్చిపోయేది, మా చిన్నోణ్ణి మా తమ్ముడి పేరుతో పిలిచేది, కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, ఊరికే ఏడ్చేది. మేము ఇంగ ఇది ముసలితనం అని వదిలేసినాం. ఒక పెద్ద ఊర్లో ఒక ఆస్పత్రికి తీసకపోతే తలకాయ స్కానింగు తీసి వయసుకి తగ్గట్టే ఉంది అని నిద్రమాత్ర రాసిచ్చినారు, దాంతో ఇంకా మొద్దుగా అయిపోయింది. ఆ తర్వాత వెల్లూరు పోయినాం. అక్కడ ఆయమ్మ మొదట అడిగింది అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయా, మాంసం తింటారా అని. మేము తినం. బి12 చేయిస్తే 120 చిల్లర. 200 కంటే తక్కువుంటే లోటు అంట.

మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితే పేగుల్లో బి12 సరిగ్గా ఒంటికి పట్టదంట. డోసు ఎక్కువైన కొద్దీ, ఏండ్లు గడిచిన కొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువ. ఇంగ్లాండులో మందుల మీద నిఘా పెట్టే సంస్థ 2022లో ఇది మామూలుగా కనిపించే సైడ్ ఎఫెక్టే, లక్షణాలుంటే పరీక్ష చెయ్యండి అని డాక్టర్లందరికీ చెప్పిందంట. పదకొండేండ్లలో మా అమ్మకి ఎన్ని పరీక్షలు చేసినారో లెక్కే లేదు, ఇది మాత్రం ఎవరూ రాయలేదు, మేమూ అడగలేదు.

సూదులు వేసినారు, మొదట్లో వారానికి ఇన్నని, తర్వాత నెలకొకటి. మెట్‌ఫార్మిన్ ఆపలేదు. మూడు నాలుగు నెలలకి మనిషి మళ్ళీ మనిషయింది, పేర్లు పిలుస్తాది, తగువులు కూడా పెట్టుకుంటాది. కాళ్ళ తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు, అది ఆలస్యమైపోయింది అన్నారు. మీ నాయన మాంసం తింటాడా అన్నా?

కోర్లగుంట కుర్రోడు:

మామా, బండి మర్చిపోయింది సాయంత్రం ఐదు అప్పుడు. ఆ రోజు శనివారం, మధ్యాన్నం అన్నం తినడు, ఒక అరటిపండు, టీ అంతే. పొద్దున మాత్ర మాత్రం వేసుకునే ఉంటాడు. నువ్వు అడిగేదాకా ఈ రెండూ కలిపి చూడాలని నాకు తట్టలేదు, చెయ్యి వణకతా ఉంది ఇది టైప్ చేస్తా ఉంటే.

అక్కా, ముందంతా పెరటాసి నెలలో మాత్రమే మానేసేవాడు, రిటైరయిన తర్వాత మొత్తానికే మానేసినాడు, గుడ్డు కూడా లేదు. కాళ్ళ సంగతి అమ్మని అడిగినా, ఇంట్లో నడిచేటప్పుడు చెప్పు జారిపోయినా తెలీకుండా ముందుకి పోతాడంట. ఆమె అది మతిమరుపే అనుకునింది.

చిత్తూరు చిన్నోడు:

ఈ వాట్సాప్ డాక్టర్లతో వచ్చిన తిప్పలు. నిన్నటిదాకా దాల్చినచెక్క నీళ్ళు, మొన్నటిదాకా మెంతులు, ఇప్పుడు 35 శాతం. మీ బావకి చెప్పండి, చిత్తూరోళ్ళకి మందు అక్కరలేదని. మనం ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, బెంగుళూరు పోతే కన్నడం. జోకు కాదు, హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారు 648 మంది మతిమరుపు రోగుల్ని చూసి 2013లో రాసినారు, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలయిందని, చదువురాని వాళ్ళల్లో కూడా. మా జేజి పుత్తూరు సంతలో రెండు భాషల్లో తిట్టేది, 91 ఏండ్లకి కూడా ఎవరు ఎంత బాకీనో నోటితోనే చెప్పింది.

సరే సీరియస్‌గా, మీ నాయనకి చెవులు ఎట్ల ఉన్నాయి? ముప్పై ఏండ్లు ఇంజను పక్కన నిలబడి విజిలేసిన మనిషి. వినపడక పోతే కూడా అడిగిందే అడుగుతారు, మనం మతిమరుపు అనుకుంటాం. మా పెద్దనాన్నకి అంతే, మిషను పెట్టినాక సగం మతిమరుపు పోయింది.

న్యూరో పీజీ:

నేను తిరుపతిలోనే ఎంబీబీఎస్ చేసినా, ఇప్పుడు వేరే ఊర్లో న్యూరాలజీ చదువుతున్నా. పైన మామ, పీలేరు అక్క చెప్పిన రెండూ నేను క్లినిక్‌లో మొదట అడిగేవే, వాటిని దాటి నేను కొత్తగా చెప్పేది తక్కువ. కానీ అడిగింది ఆ మందుల గురించి కాబట్టి అది చెప్తా, కొంచెం పెద్దదవుతుంది.

మొదట, షుగరు మందుకి మెదడుకి ఏం సంబంధం అనేది. మెదడు బరువు ఒంట్లో 2 శాతం, తినేది మాత్రం మొత్తం శక్తిలో 20 శాతం దాకా. షుగరు ఏండ్ల తరబడి ఎక్కువుంటే సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, కంట్లో రెటీనా ఎట్ల పోతుందో, కిడ్నీ ఎట్ల పోతుందో మెదడు లోపల కూడా అట్లే. పైగా ఇన్సులిన్ మెదడులో కూడా పని చేస్తుంది, జ్ఞాపకం కుదురుకునే దానికి అది కావాలి, ఒళ్ళు ఇన్సులిన్‌కి పలకనట్టే మెదడు కూడా పలకకుండా పోతుందేమో అని చాలా మంది అనుమానం. అందుకే మతిమరుపు జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్‌ని టైప్ 3 షుగరు అని కొంతమంది పిలుస్తారు, నాకైతే ఆ పేరు నచ్చదు, ఉన్న అయోమయం చాలదా. షుగరు ఉన్నవాళ్ళకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చే అవకాశం లేనివాళ్ళ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, అది మాత్రం చాలా దేశాల లెక్కల్లో మళ్ళీ మళ్ళీ వచ్చింది. కాబట్టి షుగరు మందు మెదడుని కాపాడొచ్చు అనుకోవడంలో తప్పేం లేదు. కాపాడుతుందా అనేదే ప్రశ్న.

మీ బావ పంపిన 35 శాతం ఉత్తుత్తిది కాదు. అది కొరియా లెక్క, 2024లో బీఎంజే అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. 40 నుంచి 69 ఏండ్ల షుగరు వాళ్ళల్లో డాపా, ఎంపా రకం మొదలుపెట్టినవాళ్ళు 1,10,885 మంది, గ్లిప్టిన్ అనే ఇంకో రకం షుగరు మాత్ర మొదలుపెట్టినవాళ్ళు అంతేమంది, వయసు జబ్బులు అన్నీ చూసి జతలు కట్టినారు. మొదటి గుంపులో డిమెన్షియా 35 శాతం తక్కువ. కానీ ఎన్నాళ్ళు చూసినారు అంటే సగటున 670 రోజులు. అల్జీమర్స్ మెదడులో మొదలయ్యేది బయటపడేదానికి పదిహేను ఇరవై ఏండ్ల ముందు. రెండేండ్లు కూడా నిండకుండా ఒక మాత్ర అంత తేడా తెస్తే నాకైతే అది మందు గొప్పతనమా, మందు ఎవరికి ఇచ్చినారు అనేదాని మహిమా అని డౌటు వస్తుంది.

ఆ డౌటు ఎట్లాంటిదో మన ఊరి మాటలో చెప్తా. అలిపిరి మెట్లెక్కేవాళ్ళ మోకాళ్ళని, బస్సులో కొండకి పోయేవాళ్ళ మోకాళ్ళని పోల్చి చూడండి. మెట్లెక్కేవాళ్ళవే బాగుంటాయి. అందుకని 3,550 మెట్లెక్కితే మోకాళ్ళ నొప్పి పోతుందని మీ అమ్మమ్మని ఎక్కిస్తారా? మోకాళ్ళు బాగున్నోళ్ళే మెట్ల దారి పడతారు కదా. కొత్త మందు కూడా అంతే, కాస్త దిట్టంగా తిరిగే మనిషికి, ఫాలోఅప్‌కి టైముకి వచ్చే మనిషికి డాక్టరు రాస్తాడు, మంచాన పడినాయనకి రాయడు. జతలు కట్టి ఆ తేడాని తీసెయ్యాలని చూస్తారు, కానీ రికార్డులో లేనిది ఎట్ల తీస్తారు.

అసలు తేలేది చీటీలు తీసినట్టు మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి మందు, ఒకరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూసినప్పుడే. సెమాగ్లూటైడ్‌ని అట్ల చూసినారు, ఇంజెక్షను కాదు, మాత్ర రూపంలో. అల్జీమర్స్ తొలిదశలో ఉన్న 3,808 మంది, రెండు ట్రయల్స్, రెండేండ్లు. 2025 నవంబరు 24న ఆ మందు తయారుచేసే కంపెనీనే ఫలితం చెప్పింది, జబ్బుకి సంబంధించిన పరీక్షల గుర్తులు కొంచెం మెరుగయినాయి, మనుషుల మతిమరుపు మాత్రం ఉత్త మాత్ర వాళ్ళతో సమానంగానే ముదిరింది. దానికి అక్కలాంటి లిరాగ్లూటైడ్‌ని బ్రిటన్‌లో 204 మంది మీద చూసినారు, 2024లో చెప్పినారు, మెదడు గ్లూకోజు వాడకం అనే ముఖ్యమైన కొలతలో తేడా రాలేదు, పక్కన పెట్టుకున్న కొలతల్లో ఆలోచనాశక్తి తగ్గడం 18 శాతం నెమ్మదించింది. ఆ 18 శాతమే అప్పుడు వాట్సాపుల్లో తిరిగింది. అంతకు ముందు పియోగ్లిటజోన్, జబ్బు రాకముందే ఇస్తే ఆపుతుందేమో అని మూడువేల చిల్లర మందితో పెద్ద ట్రయల్, 2018లో పని చెయ్యడం లేదని మధ్యలోనే ఆపేసినారు.

అంటే అంతా అబద్ధం అని కాదు నేననేది. జబ్బు బయటపడినాక ఇస్తే పని చెయ్యకపోవచ్చు, ఇరవై ఏండ్ల ముందు నుంచి షుగరు, బీపీ, గుండె, కిడ్నీ బాగుంటే దాంతో పాటు మెదడు కూడా బాగుండొచ్చు. ఆ రకంగా డాపా, ఎంపా మీద నాకు ఆశ ఉంది. కానీ మీ నాయనకి ఈ రోజు బండి ఎక్కడ పెట్టినాడో గుర్తొచ్చేదానికి అది మందు కాదు.

మెట్‌ఫార్మిన్: మీ పక్కింటి సారు చెప్పింది సగం. కాలిఫోర్నియాలో మెట్‌ఫార్మిన్ మధ్యలో మానేసినవాళ్ళకి, కొనసాగించినవాళ్ళకి పోలిస్తే మానేసినవాళ్ళల్లో డిమెన్షియా 21 శాతం ఎక్కువ అని 2023లో వచ్చింది. ఇది కూడా మెట్ల దారి లెక్కే, కానీ ఊరికే ఆపొద్దు అనేదానికి చాలు. ఇంకోవైపు షుగరు రాబోయే దశలో ఉన్నవాళ్ళకి అమెరికాలో చీటీలు తీసినట్టే పంచి మెట్‌ఫార్మిన్ ఇచ్చి ఏండ్ల తరబడి చూస్తే జ్ఞాపకశక్తిలో తేడా ఏమీ రాలేదు. కాబట్టి ఆపొద్దు, దాని మీద దేవుడి మాదిరి నమ్మకమూ వద్దు, బి12 మాత్రం చేయించండి.

షుగరు పడిపోవడం గురించి మామ చెప్పిందానికి ఒక లెక్క ఉంది. 2009లో, అది కూడా కాలిఫోర్నియాలోనే, 16,667 మంది పెద్దవాళ్ళని చూస్తే ఆస్పత్రి దాకా పోయేంత షుగరు పడిపోయినవాళ్ళకి తర్వాత డిమెన్షియా ఎక్కువ వచ్చింది, ఎన్నిసార్లు పడితే అంత ఎక్కువ. పడిపోవడం వల్ల మతి పోయిందా, మతి తగ్గుతున్నందువల్ల మాత్ర రెండుసార్లు వేసుకుని పడిపోయినారా, అది తేల్చడం కష్టం, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటా తిరిగే గానుగ అనుకోండి. ఏ వైపు నుంచి మొదలైనా మనం ఆపగలిగింది మాత్ర వైపు. మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళకి మూడు నెలల షుగరు 8 లోపల ఉంటే చాలు అంటారు ఇప్పుడు, 6.4 కోసం పట్టుపట్టే పనే లేదు.

డాక్టరుకి అడగాల్సింది ఒక కాగితం మీద రాసుకుపోండి. మూడు నిమిషాలే అన్నారు కదా, కాగితం చూపిస్తే మూడు నిమిషాలు చాలు. గ్లిమిపిరైడ్ అవసరమా, తగ్గించొచ్చా. బి12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం, యూరిన్‌లో ప్రోటీన్. ఈ మధ్య ఎప్పుడైనా కిందపడి తలకి దెబ్బ తగిలిందా అనేది మీరే చెప్పండి, పెద్దవాళ్ళల్లో చిన్న దెబ్బకి కూడా వారాల తర్వాత తలలో రక్తం గడ్డ కట్టొచ్చు. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పండి. ఇవన్నీ చూసినాక కూడా మతిమరుపు ఉంటే అప్పుడు న్యూరాలజీ. మన స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ, ఎండోక్రైనాలజీ రెండూ ఉన్నాయి, ఊరు దాటే పని లేదు.

తోతాపురి:

మధ్యలో దూరుతున్నా సారీ. నాకు 41, షుగరు లేదు, బార్డర్ అన్నారు, 5.9. మా అబ్బకి, నాయనకి ఇద్దరికీ చివర్లో మతి పోయింది. మెదడు కోసమని ఇప్పటి నుంచే మెట్‌ఫార్మిన్ వేసుకోవచ్చా? మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పని, కూచునే ఉంటా, సీజన్లో అయితే కాయలు కూడా తింటా.

న్యూరో పీజీ:

మెదడు కోసమైతే వద్దు, పైన చెప్పిన అమెరికా వాళ్ళు మీ దశలో ఉన్నవాళ్ళే, జ్ఞాపకంలో తేడా రాలేదు. షుగరు రాకుండా చూసుకోవడానికైతే వాళ్ళల్లోనే మాత్ర కంటే బరువు తగ్గి నడిచినవాళ్ళకే మేలు ఎక్కువ జరిగింది, షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మాత్ర వాళ్ళకి 31. బీపీ చూపించుకున్నారా ఎప్పుడైనా? 41కి బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్ సంగతి చూసుకోవడం మెదడుకి ఏ షుగరు మాత్ర కంటే ఎక్కువ.

తోతాపురి:

బీపీ చూపించుకోలేదు. రేపు పోతా. కాయల గురించి ఏమీ అనలేదు, థాంక్స్.

మందులషాపు మామ:

తోతాపురీ, అనలేదంటే తినమని కాదు.

సెమాగ్లూటైడ్ గురించి ఒకటి చెప్పడం మర్చిపోయినా. అబ్బయ్యా మీ నాయన బరువెంత? అది ఆకలిని చంపేస్తాది. బొద్దుగా ఉండే నలభై ఏండ్లోళ్ళకి సరే. సన్నగా ఉండే ముసలాయనకి వేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోయి లేచి నిలబడలేడు. మా దగ్గర ఒకాయన కొడుకు ఆన్‌లైన్‌లో చూసి తెప్పించి వేసినాడు వాళ్ళ నాయనకి, నెలన్నరకి ప్యాంటు నిలబడలేదు, సంగటి ముద్ద వాసనకే వాంతులు.

కోర్లగుంట కుర్రోడు:

58 కేజీలు మామా. ఇంజెక్షను ఆలోచన అప్పుడే వదిలేసినా.

కోర్లగుంట కుర్రోడు:

పదహారు రోజులైంది, ఏమైందో చెప్దామని వచ్చినా.

గ్లూకోమీటరు కొన్నా. మొదటి నాలుగు రోజులు ఏం లేదు, 130, 145 అట్ల. ఐదో రోజు సాయంత్రం నాలుగున్నరకి ఊరికే అమ్మ మీద అరుస్తా ఉంటే వేలు గుచ్చినా, 56. చక్కెర నీళ్ళు ఇస్తే పావుగంటకి చల్లబడినాడు, ఎందుకు అరిచినావు అంటే నేనెప్పుడు అరిచినా అన్నాడు. ఆరు నెలలుగా మేమందరం ఆ సాయంత్రాల మీద తగువులు పెట్టుకుంటా ఉన్నాం, అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు ఒకసారి. 56.

ఆ రీడింగులన్నీ, పీజీ గారు చెప్పిన కాగితం తీసకపోయినా. డాక్టరు గారు కాగితం చూసి ఎవరు రాసిచ్చినారు అన్నారు, కోపం రాలేదు, అన్నీ రాసినారు. బి12 148. థైరాయిడ్, సోడియం బాగున్నాయి. యూరిన్‌లో ప్రోటీన్ పోతా ఉంది. గ్లిమిపిరైడ్ పూర్తిగా తీసేసినారు, మెట్‌ఫార్మిన్ ఉంచినారు, బి12 సూదులు మొదలుపెట్టినారు. ఇంగ నవ్వొచ్చేది ఏమంటే డాపాగ్లిఫ్లోజిన్ రాసినారు, కిడ్నీ కోసమని. బావ ఫోన్ చేసి చూసినావా నేను చెప్పినా కదా అంటాడు. ఏం చెప్పాలి ఆయనకి.

మతిమరుపు ఉన్నట్టే ఉంది కానీ సాయంత్రాలు మాత్రం ప్రశాంతంగా ఉంటున్నాయి. డబ్బా అమ్మ నింపుతుంది. ఆయనకి ఆ డబ్బా అంటే చిన్నతనంగా ఉంది మొదట, నేను టికెట్ల ట్రే మాదిరి ఉంది కదా నాయనా అంటే ఊరుకున్నాడు.

పీలేరు పాప:

148 అంటే మా అమ్మకి దగ్గర దగ్గరే. సూదులు మధ్యలో ఆపొద్దు అన్నా, బాగున్నట్టు అనిపిస్తే మనోళ్ళు ఆపేస్తారు.

న్యూరో పీజీ:

మంచి పని చేసినారు. మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేయించండి, అప్పుడు తెలుస్తుంది ఎంత తిరిగొచ్చింది, ఎంత మిగిలిందని. మొత్తం తిరిగొస్తుందని మాట ఇవ్వలేను, అసలు జబ్బు కూడా కొంత ఉండొచ్చు. చెవుల పరీక్ష గురించి చిత్తూరాయన చెప్పింది వదిలెయ్యొద్దు.

మందులషాపు మామ:

డాపా గురించి రెండు మాటలు విను. నీళ్ళు బాగా తాగించు, ఒంటేలుకి పోయే దగ్గర శుభ్రంగా ఉండమను, దురదలు గిరదలు వస్తే సిగ్గుపడకుండా చెప్పమను. వాంతులు విరేచనాలు పట్టుకున్నా, తిండి లేకుండా రోజంతా ఉన్నా ఆ మాత్ర ఆపాలేమో అడుగు, షుగరు ఎక్కువ లేకపోయినా ఒంట్లో ఆమ్లం పెరిగి ప్రమాదమవుతాది. ఆపరేషనుకైతే మూడు రోజుల ముందే ఆపిస్తారు. మీ నాయన శనివారం ఒక్కపొద్దు ఉంటాడు అన్నావు కదా, కొండకి కూడా నడిచి పోతాడా?

కోర్లగుంట కుర్రోడు:

పోతాడు మామా, నెలకొకసారి శ్రీవారి మెట్టు నుంచి, ఏమీ తినకుండా. నువ్వు చెప్పింది చదివి వినిపించినా. అంతా విని, మెట్ల మీద పోతే మాత్ర వద్దు సరే, మరి బస్సులో పోతే వేసుకోవాలా అని అడిగినాడు. రేపు ఆయన్నే తీసకపోయి డాక్టరు గారిని అడుగుతాం, కాగితం మీద ఆయన చేత్తోనే రాసి పెట్టుకున్నాడు.